పెరగమని చెప్పిందెవరు?

1960లో బీజింగ్‌లో కొందరు డాక్టర్లు 26 మంది వృద్ధులను పరీక్షించారు. వాళ్లంతా ఒకప్పుడు చింగ్ వంశపు రాజప్రాసాదంలో కొలువు చేసిన ఖోజాలు. చిన్న వయసులోనే వృషణాలు తీయించుకుని ఆ కొలువులో చేరినవాళ్లు. చక్రవర్తి పోయాడు, కొలువూ పోయింది. ఆ కోత పడి మాత్రం ఒక్కొక్కరికి 41 నుంచి 65 ఏళ్లు అయింది. డాక్టర్లు వెతికింది వాళ్ల ప్రోస్టేట్ గ్రంథి కోసం. మామూలుగా ఆ వయసు మగవాళ్లలో అది ఉబ్బి, మూత్రానికి అడ్డుపడి, రాత్రిళ్లు నాలుగుసార్లు లేపుతుంటుంది. ఈ 26 మందిలో 21 మందికి అది డాక్టరు వేలికి తగలనే లేదు.

తెలుగులో దీన్ని పౌరుష గ్రంథి అంటున్నారు. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత ఇక్కడే తయారవుతుంది. పసివాడిలో ఉందా లేదా అన్నట్టుంటుంది. గొంతు మారి మీసం మొలిచే రోజుల్లో గబగబా పెరిగి, ఇరవై ఏళ్లొచ్చేసరికి 20 గ్రాముల బరువుతో పెద్ద ఉసిరికాయంత అవుతుంది. కాలూ చెయ్యీ ఎంత పెరగాలో అంత పెరిగి ఊరుకుంటాయి. ఈ గ్రంథి మాత్రం నడివయసు దాటాక మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. అదంతట అది పెరగదు. ఎక్కడి నుంచో కబురు రావాలి. ఆ కబురు ఎవరు పంపుతున్నారు, ఎలా చేరుతోంది, క్యాన్సర్ దాన్ని ఎలా కాజేస్తోంది అన్నదే ఎనభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన.

ఎద్దుకూ ఆబోతుకూ తేడా తెలిసిన రైతుకు ఇందులో సగం ముందే తెలుసు. వృషణాలు తీసేసిన జంతువుల్లో ఈ గ్రంథి ఎండిపోయినట్టు చిన్నదవుతుందని లండన్ సర్జన్ జాన్ హంటర్ 1786లోనే రాశాడు. దాన్ని క్యాన్సర్‌తో ముడిపెట్టి చూడటానికి మాత్రం మరో నూట యాభై ఏళ్లు పట్టింది.

చూసినవాడు చార్లెస్ హగ్గిన్స్. కెనడాలో పుట్టి షికాగో విశ్వవిద్యాలయంలో స్థిరపడిన సర్జన్. 1930లలో ఆయన కుక్కల ప్రోస్టేట్ ద్రవం మీద ప్రయోగాలు చేస్తుండేవాడు. ముసలితనంలో మనిషిలాగే ప్రోస్టేట్ బాధ పడే పెంపుడు జంతువు కుక్కే మరి. కొన్ని కుక్కల్లో గడ్డలు కనబడి లెక్కలు చెడిపోతుంటే ఆయనకు మొదట్లో చిరాకేసిందట. తర్వాత అలాంటి కుక్కల కోసమే వెతకడం మొదలుపెట్టాడు. వృషణాలు తీసేస్తే ఆ గడ్డలు కుంచించుకుపోయేవి. 1941లో తన విద్యార్థి క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఆ ఫలితాన్ని మనుషుల్లోనూ చూపించాడు. క్యాన్సర్ ఎముకలకు పాకి, మంచం మీద కదల్లేక మూలిగే రోగులకు వృషణాలు తీసేస్తే, లేదా స్త్రీ హార్మోన్ ఇస్తే, కొందరికి కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గింది. రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పడిపోవడం కొలతల్లో కూడా తేలింది.

క్యాన్సర్ కణం ఎవరి మాటా వినదని, దాని దారి దానిదేనని అప్పటిదాకా వైద్యుల నమ్మకం. ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరాక కూడా శరీరం పంపే కబురు కోసం చెవి ఒగ్గి కూర్చుంటుందని హగ్గిన్స్ తేల్చాడు. 1966లో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి పంచుకున్న పేటన్ రౌస్ అంతకన్నా ఓపికమంతుడు; 1911లో కోళ్ల క్యాన్సర్ వైరస్ కనిపెట్టి 55 ఏళ్లు ఎదురుచూశాడు.

కబురు వచ్చే దారి పొడవైనది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ గంటకో రెండు గంటలకో ఒక చిన్న హార్మోన్ విడుదల చేస్తుంది. అది పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపుతుంది. పిట్యూటరీ రక్తం ద్వారా వృషణాలకు చెబుతుంది. వృషణాలు టెస్టోస్టెరాన్ తయారు చేస్తాయి. అది ప్రోస్టేట్ కణంలోకి వెళ్లాక అక్కడి ఎంజైమ్ ఒకటి దాన్ని మరింత ఘాటైన డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. ఆ ఘాటు సరుకు ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే గ్రాహకానికి తాళంచెవిలా అతుక్కుంటుంది. తాళంచెవి తగిలిన గ్రాహకం కణకేంద్రకంలోకి వెళ్లి, డీఎన్‌ఏ మీద కూర్చుని, ఏ జన్యువులు పని చేయాలో ఆజ్ఞ ఇస్తుంది. ఈ గ్రాహకాన్ని తయారు చేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అంటే మగతనపు కబురు అందుకునే చెవిని మగపిల్లవాడికి ఇచ్చేది తల్లే!

ఈ దారిలో ప్రతి మజిలీ దగ్గరా నేడు ఒక మందు కాపు కాస్తోంది. హైపోథాలమస్ హార్మోన్ నిర్మాణాన్ని వేలాది పందుల మెదళ్ల నుంచి రాబట్టి 1971లో ప్రకటించిన ఆండ్రూ షాలీకి 1977లో నోబెల్ వచ్చింది. ఆ హార్మోన్‌ను పోలిన లూప్రొలైడ్ ఇంజెక్షన్ 1985 నుంచి అమెరికాలో వాడుకలో ఉంది. ఇందులో ఒక తమాషా ఉంది. తలుపు అప్పుడప్పుడు తడితే తీస్తాం, రాత్రీ పగలూ ఆపకుండా బాదితే విసిగి గడియ పెట్టుకుంటాం. ఇంజెక్షన్ చేసేది ఈ రెండో పనే. పిట్యూటరీ విసిగి మూగబోతుంది, వృషణాలకు కబురు ఆగిపోతుంది. అయితే గడియ పడే ముందు ఒకటి రెండు వారాలు టెస్టోస్టెరాన్ పైకి లేస్తుంది. వెన్నెముకకు క్యాన్సర్ పాకినవాళ్లకు అది ప్రమాదం. అందుకే డాక్టర్లు ముందుగా వేరే మాత్రలు మొదలుపెట్టి తర్వాత ఇంజెక్షన్ ఇస్తారు. మన దేశంలో నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ కొనలేనివాళ్లు, ఆసుపత్రి చుట్టూ తిరగలేనివాళ్లు వృషణాలు తీసేసే ఒక్క ఆపరేషన్‌తో సరిపెట్టుకోవడం ఇప్పటికీ ఉంది. ఫలితం రెంటికీ దాదాపు ఒక్కటే.

మధ్య మజిలీ కథ మరీ చిత్రమైనది. కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో సాలినాస్ అనే పల్లె ఉంది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపిస్తారు, అలాగే పెరుగుతారు, పన్నెండేళ్లు దాటాక గొంతు బొంగురుపోయి మగవాళ్లవుతారు. 1974లో జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం కారణం చెప్పింది. టెస్టోస్టెరాన్‌ను ఘాటుగా మార్చే ఆ ఎంజైమ్ వాళ్లలో పుట్టుకతోనే లోపించింది. వాళ్లు పెద్దయ్యాక బలంగానే ఉన్నారు, ప్రోస్టేట్ మాత్రం పిందెలాగే మిగిలిపోయింది. మందుల కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి? ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ 1992లో అమెరికా బజారుకొచ్చింది. వాచిన ప్రోస్టేట్‌కు మన దగ్గరా వాడుతున్న మాత్రల్లో ఇదొకటి. దీంతో క్యాన్సర్‌ను కూడా ఆపవచ్చేమోనని అమెరికాలో 18,882 మంది మీద ఏడేళ్లు చూశారు. 2003లో వచ్చిన ఫలితంలో క్యాన్సర్లు పాతిక శాతం తగ్గాయి గానీ, బయటపడినవాటిలో తీవ్రమైన రకం కొంచెం ఎక్కువగా కనిపించింది. ఆ భయం పదిహేనేళ్లు పట్టి పీడించింది. మరణాలు పెరగలేదని తర్వాతి లెక్కల్లో తేలేనాటికి ఆ మాత్రను క్యాన్సర్ నివారణకు రాయాలన్న ఉత్సాహం చల్లారిపోయింది.

ఇంతవరకూ వింటే టెస్టోస్టెరానే విలన్ అనిపిస్తుంది. ఆ లెక్కన నిండు యవ్వనంలో, హార్మోన్ పొంగి పొర్లే ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఈ క్యాన్సర్ రావాలి. వచ్చేది అరవై, డెబ్భై ఏళ్లవాళ్లకు. కబురులో తప్పు లేదు. దాన్ని వినే తీరు మారింది.

ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో పెరుగుదల ఆజ్ఞ గ్రంథి కణాలకు నేరుగా అందదని జెరాల్డ్ కున్హా ఎలుకల మీద ప్రయోగాలతో చూపించాడు. గ్రాహకం లేని గ్రంథి కణాలను, గ్రాహకం ఉన్న చుట్టుపక్కల కణజాలాన్ని కలిపి పెంచితే ప్రోస్టేట్ తయారైంది. తారుమారు చేస్తే తయారు కాలేదు. అంటే హార్మోన్ మాట వినేది పొరుగువాళ్లు. వాళ్లు గ్రోత్ ఫ్యాక్టర్లు అనే రసాయనాలు పంపితే గ్రంథి కణం విభజన చెందుతుంది. గ్రంథి కణంలోని సొంత గ్రాహకానికి ద్రవం తయారు చేయించడమే ముఖ్యమైన పని. క్యాన్సర్‌లో ఈ కట్టుబాటు తెగిపోతుంది. పెద్దవాళ్లు చెబితేగానీ గడప దాటని కుర్రాడు హఠాత్తుగా ఇంటి తాళాలు తన మొలకు దోపుకున్నట్టు, గ్రంథి కణం హార్మోన్ కబురును నేరుగా తన పెరుగుదలకే వాడుకోవడం మొదలుపెడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్, స్కాట్ టామ్లిన్స్ బృందం ఒక గట్టి ఉదాహరణ చూపించింది. 21వ క్రోమోజోమ్ మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే జన్యువు ఉంటుంది. మగ హార్మోన్ తగిలినప్పుడల్లా అది వెలుగుతుంది, దానివల్ల కీడేమీ లేదు. అక్కడికి సుమారు 30 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఈఆర్‌జీ అనే మరో జన్యువు ఉంది. దాని నడవడి వేరు, అది నిద్రపోతుంటేనే ప్రోస్టేట్‌కు క్షేమం. మధ్య ముక్క తెగిపోయి ఈ రెండూ అతుక్కుంటే ఏమవుతుంది? వీధి దీపం స్విచ్‌కు ఎవరో బోరు మోటారు తీగ తగిలించినట్టే. స్విచ్ పాతదే, వేసేది పాత హార్మోనే, కానీ ఇప్పుడు మోటారు తిరుగుతోంది. యూరప్ సంతతి రోగుల్లో దాదాపు సగం మందిలో ఈ అతుకు కనిపిస్తుంది, ఆసియావాళ్లలో తక్కువ. ఇలాంటి జన్యువుల అతుకులు రక్త క్యాన్సర్లలోనే ఎక్కువగా ఉంటాయని అనుకుంటున్న రోజుల్లో ఈ వార్త పెద్ద సంచలనం.

హార్మోన్ తీగ ఒక్కటే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. కణానికి ఇంకో తీగ కూడా ఉంది. ఇన్సులిన్, దాని చుట్టమైన ఐజీఎఫ్-1 వంటివి కణం పొర మీద ఉన్న గ్రాహకాలను తడతాయి. తిండికి లోటు లేదు, పెరగవచ్చు అన్నది వాటి కబురు. లోపల ఈ కబురు ఒక అణువు నుంచి మరో అణువుకు ఫాస్ఫేట్ బిళ్ల రూపంలో చేతులు మారుతుంది. బిళ్ల తగిలితే పని మొదలు, ఊడితే ఆపు. ఆ బిళ్లలు చాలావరకు ఏటీపీ అనే అణువు నుంచి వస్తాయి. ఏటీపీని 1929లో వెలికితీసినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో కార్ల్ లోమన్ విడివిడిగా ఆ పని చేశారు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్కే, సుబ్బారావు 1925లో చూపిన పద్ధతి తరతరాల జీవరసాయన విద్యార్థులకు పాఠం. కణాల్లో పెరుగుదల కబుర్లు ఎన్నో ఆ ఫాస్ఫేట్ మీదే నడుస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఈ రెండో తీగలో పీఐ3కే అనే ఎంజైమ్ బిళ్ల తగిలిస్తుంది, అది చూసి ఏకేటీ అనే మరో ఎంజైమ్ లేస్తుంది, కణం చావకుండా పెరుగుతుంది. తగిలించిన బిళ్లను ఊడబీకేవాడు ఒకడుండాలి కదా. వాడి పేరు పీటెన్. 1997లో రెండు అమెరికన్ బృందాలు ఒకేసారి కనిపెట్టిన జన్యువు ఇది. బండికి బ్రేకు లాంటిది. ఎలుకల ప్రోస్టేట్‌లో ఈ ఒక్క జన్యువు తీసేస్తే చాలు, క్యాన్సర్ వస్తుంది. హార్మోన్ చికిత్సకు లొంగని దశకు చేరిన 150 మంది రోగుల కణితులను చదివి 2015లో ప్రచురించిన అధ్యయనంలో నలభై శాతం మందిలో పీటెన్ దెబ్బతిని ఉంది.

మరి రెండో తీగ కోసేస్తే సరిపోదా? ఇక్కడే చిక్కు. 2011లో రెండు పరిశోధక బృందాలు ఈ రెండు తీగలూ ఏతం రెండు కొనల్లాంటివని చూపాయి. ఒకటి దించితే రెండోది లేస్తుంది. హార్మోన్ గ్రాహకాన్ని అణిచితే ఏకేటీ రెచ్చిపోయింది, పీఐ3కేని అణిచితే హార్మోన్ గ్రాహకం రెచ్చిపోయింది. ఎలుకల్లో రెంటినీ ఒకేసారి అణిచినప్పుడే కణితి బాగా తగ్గింది. మనుషుల్లో ఆ జంట వైద్యం అంత తేలిగ్గా కుదరలేదు. ఏకేటీని అడ్డుకునే ఇపటాసెర్టిబ్‌ను, హార్మోన్ తయారీని ఆపే అబిరటెరాన్‌తో కలిపి ఇచ్చిన పెద్ద పరీక్ష 2021లో ప్రచురితమైంది. పీటెన్ పోయినవాళ్లలో వ్యాధి ముదరకుండా ఆగిన కాలం 16.5 నెలల నుంచి 18.5 నెలలకు పెరిగింది. రెండు నెలలు. దానికి తోడు విరేచనాలు, దద్దుర్లు, రక్తంలో చక్కెర పెరగడం. ఏకేటీ ఇన్సులిన్ కబురు కూడా మోస్తుంది కాబట్టి చక్కెర పెరగక తప్పదు. ప్రయోగశాలలో గెలిచినదంతా ఆసుపత్రిలో గెలవదు.

ఐజీఎఫ్-1 గురించి ఒక మాట. అది రక్తంలో ఎక్కువున్న మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువని 1998లో అమెరికా డాక్టర్ల మీదే చేసిన అధ్యయనం చెప్పింది. ఈక్వడార్ కొండల్లో లారాన్ సిండ్రోమ్ ఉన్న పొట్టి మనుషుల్లో ఐజీఎఫ్-1 బహు తక్కువ. వాళ్లను 22 ఏళ్లు గమనిస్తే క్యాన్సర్ దాదాపు కనిపించలేదని 2011లో హైమే గెవారా అగిరే బృందం రాసింది. ఇంత చూసి ఐజీఎఫ్ గ్రాహకాన్ని అడ్డుకునే మందులు చేశారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో అవి నిలబడలేదు. పాలు తాగితే ఐజీఎఫ్-1 పెరుగుతుంది కాబట్టి పాలు మానేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ రాదని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు ఈ పరిశోధనల తోక పట్టుకు వచ్చినవే. తోకను చూసి ఏనుగును కొలవకూడదు.

హార్మోన్ కోసేశాక మొదట దాదాపు అందరిలోనూ క్యాన్సర్ తగ్గుతుంది. ఏడాదికో, అయిదేళ్లకో తిరిగి లేస్తుంది. ఇక హార్మోన్‌తో దానికి పని లేదని డాక్టర్లు చాలాకాలం అనుకున్నారు. అది పొరపాటని మొదటి సూచన ఒక వింత నుంచి వచ్చింది. గ్రాహకాన్ని అడ్డుకునే ఫ్లూటమైడ్ మాత్ర వాడుతూ వ్యాధి ముదిరిన కొందరు రోగులు ఆ మాత్ర ఆపేస్తే, మరే మందూ ఇవ్వకుండానే వాళ్ల పరిస్థితి మెరుగుపడింది. అప్పటికి గ్రాహకం రూపు మార్చుకుని, తనను అడ్డుకునే మందునే తాళంచెవిగా వాడుకుంటోంది! వైరి పంపిన సైన్యానికే జీతమిచ్చి తనవైపు తిప్పుకున్నట్టు.

2004లో చార్లెస్ సాయర్స్ బృందం ఎలుకల్లో లొంగే కణితులనూ లొంగని కణితులనూ పక్కపక్కన పెట్టి జన్యువులు చదివింది. వేల జన్యువుల్లో అన్ని జతల్లోనూ స్థిరంగా మారినది ఒక్కటే: హార్మోన్ గ్రాహకం పెరిగింది. అరుపు వినబడక చెవులు పెంచుకుంది కణం. చెవులు పెరిగాక గుసగుస కూడా చాలు. ఆ గుసగుస అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది, కొన్నిసార్లు కణితి తన హార్మోన్ తానే వండుకుంటుంది. ఈ అవగాహన నుంచి రెండు మందులు పుట్టాయి. హార్మోన్ వంటను ఎక్కడ జరిగినా ఆపే అబిరటెరాన్ 2011లో, పెరిగిన చెవులను కూడా మూయగల ఎంజలుటమైడ్ 2012లో అమెరికాలో అనుమతి పొందాయి. కీమో కూడా అయిపోయిన రోగుల్లో మొదటిది సగటు ఆయుష్షును 10.9 నెలల నుంచి 14.8కి, రెండోది 13.6 నుంచి 18.4కి పెంచింది. ఇంతేనా అనిపిస్తుంది. అసలు లాభం తర్వాత బయటపడింది. క్యాన్సర్ పాకిందని తెలిసిన మొదట్లోనే అబిరటెరాన్ మొదలుపెడితే మరణం ముప్పు మూడో వంతుకు పైగా తగ్గుతుందని 2017లో రెండు పెద్ద పరీక్షలు చూపాయి. దీని జెనెరిక్ మన హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి.

కణం దగ్గర ఇంకా ఎత్తులున్నాయి. తాళంచెవి దూరే భాగమే లేని పొట్టి గ్రాహకాన్ని కొన్ని కణాలు తయారు చేస్తాయి. ఏఆర్-వీ7 అనే ఈ రకానికి తాళంచెవితో పని లేదు, తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. అది ఉన్న రోగులకు ఈ రెండు మందులూ పని చేయడం కష్టమని 2014లో తేలింది. కొన్ని కణాలైతే ప్రోస్టేట్ కణమన్న గుర్తింపునే వదిలేసి నాడీకణాల్లా వేషం మారుస్తాయి. ఇక హార్మోన్ మాట చెల్లదు. జాన్స్ హాప్కిన్స్‌లో శామ్యూల్ డెన్‌మీడ్ దీన్నంతా తలకిందులు చేసి, చెవులు విపరీతంగా పెంచుకున్న కణాలకు టెస్టోస్టెరాన్‌ను నెలకోసారి పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తున్నాడు. కరువుకు అలవాటు పడ్డవాడికి పెళ్లి భోజనం పెట్టి కడుపు ఉబ్బరం తెప్పించడం అన్నమాట. కొందరిలో పని చేస్తోంది. ఇది కట్టుదిట్టమైన పరిశోధనల్లో జరిగేది, జిమ్ పక్క షాపులో అమ్మే డబ్బాలతో ఇంట్లో చేసుకునేది కాదు.

ప్రోస్టేట్ క్యాన్సర్ 2022లో ప్రపంచంలో సుమారు 14.7 లక్షల మందికి వచ్చింది, నాలుగు లక్షల మంది దాకా చనిపోయారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చూడాలి. చాలామందిలో ఇది నిదానంగా సాగే జబ్బు. కొందరికి పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. హార్మోన్ ఆపే చికిత్సకూ ఖరీదుంది: ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు పలచబడటం, కండ తగ్గి కొవ్వు చేరడం, మధుమేహం.

ఇక రక్తపరీక్షలో చూసే పీఎస్‌ఏ సంగతి. అది క్యాన్సర్ విషం కాదు. హార్మోన్ గ్రాహకం ఆజ్ఞతో ప్రోస్టేట్ తయారు చేసే మామూలు ప్రొటీన్. కబురు ఎంత జోరుగా అందుతోందో చెప్పే మీటరు. అందుకే కబురును తగ్గించే మందులు మీటరును కూడా తగ్గిస్తాయి. ఫినాస్టెరైడ్, దాని కోవకే చెందిన డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలలో ఏడాదో వాడితే పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది. అప్పుడు రిపోర్టులో 3 అని ఉంటే అసలు లెక్క 6 కావచ్చు. వాచిన ప్రోస్టేట్‌కో, జుట్టు రాలడం ఆగడానికో ఈ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు పీఎస్‌ఏ రిపోర్టు డాక్టరు చేతిలో పెట్టేటప్పుడు ఆ మాత్రల చీటీ కూడా పక్కనే పెట్టాలి.